మడమ కింది కాగితం

కంపెనీవాడు ఏ టైరు వేసి పంపితే ఆ టైరుతోనే బండి నడుపుకునే మనుషులంటే టైర్ల మామయ్యకు కోపం కాదు, జాలి. పురిట్లో తొడిగిన చొక్కాతోనే ఉద్యోగానికి బయలుదేరిన మనిషిని చూసినట్టు చూసేవాడు వాళ్ళను. సన్నని టైర్ల మోటారుసైకిలు ఏదైనా గాలికోసమో పంక్చరుకోసమో అతని కొట్టు ముందు ఆగితే, ముందుగా దాని చుట్టూ ఒకసారి తిరిగి, వెనక చక్రాన్ని బొటనవేలితో నొక్కి, ఎవరో దగ్గరి బంధువుకు ఒంట్లో బాగోలేదని విన్నట్టు నిట్టూర్చేవాడు. ఆ నిట్టూర్పును తట్టుకుని వెళ్ళిపోయినవాళ్ళు తక్కువ.

లావుపాటి టైరు వేశాక గొలుసు కవరుకు రాసుకుంటే కవరును కోసేవాడు. మడ్‌గార్డుకు తగిలితే వాషర్లు పెట్టి మడ్‌గార్డును లేపేవాడు. చక్రం ఎత్తు పెరిగి స్టాండు పొట్టిదై బండి ఒరిగిపోతుంటే, స్టాండు కాలికి ఇనపముక్క అతికించేవాడు. మైలేజీ పడిపోయిందని ఎవరైనా గొణిగితే, ఏనుగునెక్కాలని ముచ్చటపడ్డవాడు మేత సంగతి ఎత్తకూడదని చెప్పి పంపేవాడు. ఇన్ని సవరణలు చేసినా కొనేవాడు ఛాతీ విరుచుకుని వెళ్ళేవాడే గాని, ముఖం వేలాడేసుకుని వెళ్ళినవాడు లేడు. వీధి వీధంతా అతన్ని మామయ్య అనే పిలిచేది, నిజమైన మేనకోడలు ఒక్కతే అయినా.

అతని సొంత మోటారుసైకిలు సంగతి వేరే చెప్పాలి. ఊళ్ళో దొరికే టైర్లలో ఆ రిముకు ఎంత పెద్దది బలవంతాన పట్టించవచ్చునో అంత పెద్దది పట్టించి, దానిమీద కూర్చునేవాడు. మనిషి పొట్టి. సృష్టికర్త ఇతన్ని కొలిచేవేళ టేపు మడతపడి ఉంటుందని అతని భార్య అభిప్రాయం. బండి మీద కూర్చుంటే అతని కాళ్ళు నేలకు అందవు. మునివేళ్ళు సైతం అందవు. అందుకని అతను ఎన్నడూ నడివీధిలో ఆగడు. గోడో, స్తంభమో, ఎత్తైన గట్టో చూసుకుని, దానిమీద మోచెయ్యి ఆన్చి, ఎదురుగా ఉన్న లోకాన్ని తీరిగ్గా పరికిస్తున్నట్టు ఆగుతాడు. చూసినవాళ్ళు అది దర్జా అనుకునేవారు. అలా అనుకుంటున్నారన్న నమ్మకం మీదే అతని దర్జా అంతా నడిచేది. అసలు సంగతి ఎరిగినది భార్య ఒక్కతేనని అతని ధీమా.

ఆ సోమవారం నీటిసరఫరా ఆఫీసు ప్రహరీగోడకు మోచెయ్యి ఆన్చి అతను ఆగింది మేనకోడలి కోసమే. అక్క కూతురు. ఆ ఆఫీసులో మీటరు రీడరు. ఇంటింటికీ నడిచివెళ్ళి, మెట్ల కిందా కుండీల వెనకా దాక్కున్న నీటిమీటర్లను చూసి అంకెలు రాసుకురావడం ఆమె పని. మిగిలిన రీడర్లు వంగలేక ఇంటివాళ్ళనే అంకె చదివి చెప్పమనే చోట, ఆమె ముడుచుకుని దూరి తానే చదివేది. కుటుంబపు పొట్టితనం లాభించిన ఒకే ఒక్క ఉద్యోగం అదని వాళ్ళమ్మ అంటుంది. ఇప్పుడు ఆఫీసుకు కొత్త స్కూటర్లు వచ్చాయి. స్కూటరు ఎవరికి దక్కితే వాళ్ళకు శివారు వార్డులు. శివారు వార్డు దక్కినవాళ్ళకు పర్మనెంటు. ఆమె రెండేళ్ళ కిందటే బండి నేర్చుకుని లైసెన్సు తీసుకున్నది. అందుచేత స్వీటు డబ్బా ముందే కొనిపెట్టుకుందామా అని మామయ్య ఇంట్లో చర్చ కూడా జరిగింది.

అయితే గోడమీదుగా అతనికి కనిపించిన దృశ్యం వేరు. ఆవరణ మధ్యలో స్కూటరు మీద మేనకోడలు బిగుసుకుని కూర్చుని ఉన్నది. ఆమె కాలి దగ్గర సూపరింటెండెంటు మోకాళ్ళమీద వంగి, నాలుగు మడతలు వేసిన తెల్లకాగితాన్ని ఆమె మడమ కిందికి తోస్తున్నాడు. పోయిన ఏడాది ఒక రీడరు బండి ఆపబోయి, కాలు అందక, బండితో సహా కాలువలో పడ్డాడు. అప్పటినుంచి ఆయన ఒక నియమం పెట్టుకున్నాడు: బండిమీద కూర్చున్న మనిషి మడమలు రెండూ నేలకు ఆనాలి, ఆనాయో లేదో కాగితం చెబుతుంది. లాగినా కదలకపోతే ప్యాసు. ఆయన చెడ్డవాడేమీ కాదు. కళ్ళకు పక్షపాతం ఉంటుంది, కాగితానికి ఉండదని నిజంగా నమ్మినవాడు.

కాగితం తలుపు కిందినుంచి ఉత్తరం లాగినంత సులువుగా బయటికి వచ్చింది. రెండోకాలి కిందినుంచీ అంతే. అంతకుముందు ప్యాసైన మగరీడర్లందరూ లావుపాటి అట్టల బూట్లు వేసుకుని వరసగా నిలబడి ఉన్నారు. ఆమె తన పలచని చెప్పుల వంక, వాళ్ళ బూట్ల వంక చూసి, తానూ అలాంటివి తొడుక్కుని రావచ్చునా అని అడిగింది.

"ఇప్పుడు బూట్లు మార్చుకుని వస్తే, పరీక్ష ప్యాసయ్యేది నువ్వు కాదమ్మా, చెప్పులకొట్టువాడు," అన్నాడు సూపరింటెండెంటు.

వరసలో ఎవరో నవ్వారు. తన మాటకు నవ్వు రావడం ఆయనకు అరుదైన అనుభవం కావడంతో, ఇంకొకటి కలిపాడు. "శుక్రవారం దాకా టైమిస్తాను. నువ్వయినా పొడుగవ్వు, స్కూటరునయినా పొట్టి చేయించు. లేకపోతే బండి స్టోరుకు, వార్డు ఇంకొకరికి."

ఈసారి అందరూ నవ్వారు. ఆమె బండి దిగి, స్టాండు వేసి, సీటు మీద లేని దుమ్మును అరచేత్తో తుడిచింది. గోడ అవతల మామయ్య మోచెయ్యి ఎందుకో చురుక్కుమన్నది. తాను చూసినట్టు ఆమెకు తెలియడం ఇష్టంలేక, గోడను ఒక్క తోపు తోసి, చడీచప్పుడు లేకుండా వెళ్ళిపోదామనుకున్నాడు గాని, అంత లావు టైర్ల బండికి చడీచప్పుడు లేకుండా వెళ్ళడం చేతకాదు.

మర్నాడు పొద్దున ఆమె ఆ స్కూటరును నడిపించుకుంటూ కొట్టుకు వచ్చింది. ఎక్కడానికి అనుమతి లేదు, తోయడానికి ఉన్నదట. సూపరింటెండెంటు తానన్న మాటకు తానే కట్టుబడి తాళంచెవి ఇచ్చాడట. ఇచ్చేటప్పుడు మళ్ళీ నవ్వాడట.

"మామయ్యా, దీనికి చిన్న టైర్లు వెయ్యాలి."

మామయ్య చేతిలోని టైరు లివరు చేతిలోనే ఉండిపోయింది. శాకాహారిని కోడిని కొయ్యమన్నా అంత నొచ్చుకోడు. "ఈ కొట్లో చిన్నవి ఉండవే," అన్నాడు.

"అటక మీద ఉన్నాయి. అత్తయ్య వాటిమీద గుమ్మడికాయలు దొర్లిపోకుండా పెడుతుంది."

"అవి అమ్మడానికి కాదు. మనిషికి ఆశ తగ్గితే టైరు ఎలా అవుతుందో నలుగురికీ చూపించడానికి."

"నాకు ఆశ తగ్గలేదు మామయ్యా. కాలు తగ్గింది."

మునివేళ్ళమీద నడపడం సాధన చెయ్యవచ్చు కదా అని సలహా మామయ్య నాలిక చివరిదాకా వచ్చింది. ఆ సలహా వెంట, నీకెలా తెలుసన్న ప్రశ్న వస్తుందని మింగేశాడు. కాగితం సంగతి ఆమె చెబుతుంటే మొదటిసారి వింటున్నట్టు ముఖం పెట్టాడు. రెండుచోట్ల ఆశ్చర్యం కూడా ప్రకటించాడు. చివరికి ఒప్పుకున్నాడు గాని, షరతులు పెట్టాడు. పని పెరట్లో జరగాలి. బండిమీద టార్పాలిన్ ఉండాలి. చిన్న టైర్లు వేసిన చెయ్యి ఇదేనని పురుగుకు కూడా తెలియకూడదు.

పురుగుకు తెలియలేదు గాని భార్యకు తెలిసింది. గుమ్మడికాయలు నేలమీద దొర్లుతుంటే ఆమె పెరట్లోకి వచ్చి, నడుంమీద చెయ్యి వేసుకుని చూసింది. "ఇన్నాళ్ళకు మన మనుషులకు సరిపడే పని చేస్తున్నారు," అని మెచ్చుకుని లోపలికి వెళ్ళింది. ఆ మెచ్చుకోలు అతనికి రుచించలేదు.

సైలెన్సరు విప్పితే గాని స్కూటరు వెనకచక్రం బయటికి రాదు. విప్పాడు. వాల్వు పిన్ను తీసి గాలి వదిలి, టైరు అంచును మడమతో తొక్కి రిమునుంచి విడగొట్టి, రెండు లివర్లతో చుట్టూ లేపి ఊడబెరికాడు. అటకమీది టైరు వెడల్పులో ఇంచుమించు అంతే, ఎత్తులో వేలెడు తక్కువ. దాని అంచులకు సబ్బునీళ్ళు పూసి, తిరిగే దిక్కు చూపే బాణాన్ని ఒకటికి రెండుసార్లు సరిచూసి, రిములోకి దించి గాలి పట్టించాడు. అంచు టప్పున కూర్చుంది. ఆ చప్పుడు అతనికి ఎప్పుడూ విజయభేరిలా వినిపించేది. ఆవేళ ఎవరో చిన్నగా మొట్టికాయ వేసినట్టుంది.

ముందుచక్రం దగ్గరికి వచ్చేసరికి అతని చెయ్యి ఆగిపోయింది. సీటు ఉన్నది వెనకచక్రం మీద కదా, వెనకది దించితే చాలదా అని తర్కించుకున్నాడు. ముందుదైనా నిండుగా ఉండనీ, చూసేవాడు ముందు చూసేది ముందునే కదా. అలా సగం పని చేసి టార్పాలిన్ తీశాడు. స్కూటరు వెనక్కి కూలబడి, ముఖం పైకెత్తి, లైటు ఆకాశానికి గురిపెట్టి, పైవాళ్ళకు ఏదో విన్నవించుకుంటున్న అర్జీదారులా ఉన్నది. మేనకోడలు లైటు వేసి చూసింది. వెలుగు సరాసరి పక్కింటి మేడమీద బట్టలు ఆరేస్తున్నావిడ ముఖాన పడింది.

"శివారులో మీటర్లు నేలమీద ఉంటాయి మామయ్యా," అన్నది ఆమె.

ముందుదీ మార్చక తప్పలేదు. మార్చాక ఇంకొక చిక్కు. చక్రాలు దిగాయి, స్టాండు దిగలేదు. పక్కస్టాండు వేస్తే స్కూటరు ఒరగవలసినంత ఒరగకుండా నిటారుగా నిలబడి, ఒక్క క్షణం ఆలోచించి, అవతలివైపుకు నిదానంగా పడిపోయింది. లేపి నిలబెడితే మళ్ళీ పడింది. రెండోసారి పడింది మామయ్య మీద. స్టాండును కొయ్యాలి. జీవితమంతా స్టాండ్లకు ఇనపముక్కలు అతికించిన మనిషి, అతికించడమే గాని కొయ్యడం ఎరుగడు. రంపం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత గోరంత కోశాడు, పడింది. ఇంకొక గోరంత కోశాడు. ఆగింది గాని, తలుపు తీసిన గాలికి పడింది. విసుగెత్తి వేలెడు కోశాడు. ఈసారి స్కూటరు అరుగు దొరికిన ముసలాయనలా ఒద్దికగా ఒరిగి కూర్చుంది. లావుటైర్లు తప్ప ఎరగని ఒక కుర్రవాడు కొట్టుముందు నిలబడి, పెరట్లో ఏమిటా చప్పుడని కేకవేస్తే, పెద్ద ఆర్డరు మీద ఉన్నానని, రెండురోజులదాకా కనిపించవద్దని కబురు చేశాడు మామయ్య.

గురువారం సాయంత్రం పెరట్లోనే పరీక్ష పెట్టుకున్నారు. ఆమె ఎక్కి కూర్చుంది. అత్తయ్య పాత క్యాలెండరు కాగితం మడిచి మడమ కింద పెట్టింది. లాగితే కొంచెం పట్టి, జారింది. మామయ్య నేలమీద పడుకుని, సీటు ఇంకొంచెం దిగేలా వెనక షాక్‌అబ్జార్బరు స్ప్రింగును ఒక గడి మెత్తన చేశాడు. మళ్ళీ లాగారు. కాగితం చిరిగింది గాని రాలేదు. మేనకోడలు ముఖంలో ఏమీ కనపడనివ్వకుండా దిగి, చెప్పులు విడిచి, వట్టికాళ్ళతో ఒకసారి మళ్ళీ ఎక్కి కూర్చుంది. ఎంతసేపటికీ దిగలేదు. అత్తయ్య లోపల నుంచి రెండుసార్లు పిలిచింది.

శుక్రవారం మామయ్య వెళ్ళనని చెప్పాడు, వెళ్ళాడు. ప్రహరీగోడ వెంట ఆ పొద్దునే పెద్దపెద్ద నీటిగొట్టాలు దించారు. ఆగడానికి చోటు లేదు. గేటు తీసి ఉన్నది. ఆలోచించేలోపల బండి లోపలికి వచ్చేసింది. ఆవరణలో ఒక్క స్తంభం లేదు. లోపలి గోడ పొడుగునా కొత్త స్కూటర్లు ఒకదాని భుజం ఒకదానికి తగులుతూ నిలబెట్టి ఉన్నాయి. వాటిని ఆనుకుంటే ఏమవుతుందో అతనికి తెలుసు. ఇక చేయగలిగింది ఒక్కటే. తిరగడం మొదలుపెట్టాడు.

ఆవరణ మధ్యలో సూపరింటెండెంటు అప్పటికే వంగి ఉన్నాడు. కాగితం కుడికాలి కింద నిలిచింది. ఎడమకాలి కిందా నిలిచింది. ఆయన ఒకటికి రెండుసార్లు లాగాడు. తర్వాత లేవకుండానే, చూపును మడమనుంచి చక్రం మీదికి జరిపాడు.

"ఇవి కంపెనీ టైర్లు కావు."

"పొట్టి చేయించమన్నారు కదా సార్."

"మాటవరసకు అన్నదానికి అర్థం ఉంటుందా అమ్మా? ఆఫీసు బండి కొలత మార్చే అధికారం నాకే లేదు. నీకెక్కడిది?" ఆయన లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. గొంతులో కోపం లేదు, విచారమే ఉన్నది. "ఇవాళ కాగితం నిలిచింది టైరు పుణ్యాన. రేపు టైరు మారుతుంది. బండి ఒరిగిందనుకో, దాని బరువు నీకు రెండింతలు, నువ్వు ఆపుతావా? నువ్వు పడితే మీ అమ్మకు నేను సమాధానం చెప్పాలి."

మామయ్య తిరుగుతూనే ఉన్నాడు. వాళ్ళకు దగ్గరగా వచ్చినప్పుడల్లా ఒక ముక్క చెప్పి, దూరంగా వెళ్ళిపోయి, మళ్ళీ వచ్చినప్పుడు తర్వాతి ముక్క చెబుతున్నాడు. టైర్లు తానే వేశానని ఒక చుట్టులో, తప్పుంటే తనదని ఇంకొక చుట్టులో, కాళ్ళు అందడానికీ బండి నడపడానికీ సంబంధం లేదని మూడోదానిలో. రీడర్లు మెడలు తిప్పలేక అలసిపోయారు. సూపరింటెండెంటు కాగితం ఊపుతూ, ఆగి మాట్లాడమన్నాడు. ఆగడం తప్ప ఇంకేమైనా అడగమన్నట్టు చూశాడు మామయ్య. తర్వాత చుట్టులో సూపరింటెండెంటు అడ్డంగా నిలబడ్డాడు.

బండి మందగించింది. ముందుచక్రం ఒకవైపు తిరిగి, ఇంకొకవైపు తిరిగి, ఎటూ తేల్చుకోలేక వణికింది. పైన కూర్చున్న మనిషి రెండుకాళ్ళూ చాపాడు. వాటికీ నేలకూ మధ్య ఎంత ఆకాశం ఉన్నదో ఆఫీసు ఆఫీసంతా చూసింది.

మేనకోడలు స్కూటరు దిగింది. పరుగెత్తలేదు. నాలుగడుగులు వేసి, బండి ఏ పక్కకు ఒరుగుతుందో అది ఒరగకముందే ఆ పక్కన నిలబడి, ఒక చెయ్యి హ్యాండిలు మీద, ఒక చెయ్యి సీటు వెనక వేసి, నడుమును ట్యాంకుకు ఆన్చి, పాదాలు ఎడంగా పెట్టింది. అంత బండీ, అంత మనిషీ ఆమెమీదికి వచ్చి ఆగిపోయారు. ఆమె ఊపిరి సైతం మారలేదు. మామయ్య ఆనుకుని బండి దిగే ఇంటిముందు గోడ కూలిన ఏడాది ఆమె ఇంకా బడికి వెళుతుండేది. అప్పటినుంచీ ఆ బండి చప్పుడు వినిపిస్తే బయటికి వచ్చి ఇలాగే నిలబడడం అలవాటు. అది మేనమామ మీద ప్రేమ అనుకునేవాడు అతను. ప్రేమే, కాదని కాదు.

"దిగు మామయ్యా. పట్టుకున్నాను," అన్నది.

అతను ట్యాంకుమీదుగా పొట్ట రాసుకుంటూ జారి, కాసేపు గాలిలో వెతికి, నేల అందుకున్నాడు. దిగేవరకూ ఎవరూ నవ్వలేదు. దిగాక కూడా నవ్వలేదు. అదే అతనికి కష్టమనిపించింది. నవ్వితే ఏదో ఒకటి అనవచ్చు. వరసలోని ఇద్దరు రీడర్లు వచ్చి ఆమె చేతిలోనుంచి బండిని అందుకోబోయి, దాని బరువుకు ఒకరినొకరు పట్టుకున్నారు. మూడోవాడు పరుగెత్తుకు వచ్చాడు.

సూపరింటెండెంటు ఆ ముగ్గురినీ చూశాడు. వాళ్ళ బూట్లను చూశాడు. చేతిలోని కాగితాన్ని, అదేదో తనకు ఇప్పుడే ఎవరో ఇచ్చినట్టు, అటూ ఇటూ తిప్పిచూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఆదివారంలోగా కంపెనీ టైర్లు మళ్ళీ వేయించు," అన్నాడు.

"అవి వేస్తే మడమలు ఆనవు సార్."

"ఆనవులే. చూశాను." ఆయన శివారు వార్డు మీటరు పుస్తకాల సంచీని ఆమెకు అందించాడు. "ఎండెక్కకముందే వెళ్ళు. అక్కడ మెట్ల కిందివే ఎక్కువ."

ఆమె సంచీ భుజాన వేసుకుని స్కూటరెక్కింది. మామయ్య వంక ఒకసారి చూసింది. కోసిన స్టాండుకు మళ్ళీ ముక్క అతికించాలని, అది తనకు చేతనైన పనేనని అతనికి తోచింది. తోచినందుకు కొంచెం ఊరట కలిగింది. స్కూటరు గేటు దాటింది.

రీడర్లు మోటారుసైకిలును స్టాండు మీద నిలబెట్టి, తమ తమ బండ్లవైపు వెళ్ళిపోయారు. ఆవరణలో అతనూ, మోటారుసైకిలూ, సూపరింటెండెంటూ మిగిలారు. మామయ్య చుట్టూ చూశాడు. ఎక్కడా ఆనేందుకేమీ లేదు.

"ఎలా ఎక్కుతారు మీరు?" అని అడిగాడు సూపరింటెండెంటు. వెక్కిరింపు కాదు, నియమాలు పెట్టే మనిషికి ఉండే నిజమైన కుతూహలం.

ఎన్నో ఏళ్ళుగా ఈ ప్రశ్నకోసం సిద్ధం చేసుకున్న జవాబులు మామయ్య దగ్గర చాలా ఉన్నాయి. వాటిలో ఒక్కటీ ఆవేళ నోటికి రాలేదు. "ఎవరైనా ఒక చెయ్యి వెయ్యాలి సార్," అన్నాడు.

సూపరింటెండెంటు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. చొక్కా చేతులు పైకి మడుచుకుని, ఇందాక ఆ అమ్మాయి ఎక్కడ నిలబడిందో గుర్తుతెచ్చుకుంటూ అక్కడ నిలబడి, ఒక చెయ్యి హ్యాండిలు మీద, ఒక చెయ్యి సీటు వెనక వేశాడు. బరువుకు ఆయన మెడ నరాలు లేచాయి. మామయ్య ఫుట్‌రెస్టు మీద కాలుపెట్టి, ఎగబాకి కూర్చుని, ఇంజను స్టార్టు చేశాడు. పైనుంచి చూస్తే గొట్టాల అవతల, శివారు మలుపు దగ్గర, చిన్న చక్రాలమీద స్కూటరు ఇంకా కనిపిస్తున్నది. వీపు నిటారుగా ఉన్నది.

"వదలమంటారా?" అని కిందినుంచి ఆయాసంగా అడిగాడు సూపరింటెండెంటు.

"కాస్త ఉండండి సార్," అన్నాడు మామయ్య, "మలుపు తిరగనివ్వండి."